మా చెత్తకు వారసులు

మనిషికి ఆస్తిమీద మమకారం ఎంత ఉంటుందో తెలుసుకోవాలంటే, వాడు పారేసిన వస్తువును ఇంకొకరు ఏరుకుపోతూండగా చూడాలి. "దారికి అడ్డం, కాలికి అడ్డం" అని ఆర్నెల్లు విసుక్కున్న విరిగిన ప్లాస్టిక్ కుర్చీయే, గేటు బయట పెట్టిన మర్నాడు ఎవడో చంకన పెట్టుకుని పోతూంటే, "ఎవర్రా అది?" అని కేక వేయిస్తుంది. వాడు ఆగి, "పారేసిందే గద సారూ" అంటాడు. మన దగ్గర జవాబు ఉండదు. ఉండదు గనకనే కోపం రెండింతలవుతుంది.

ఈ కోపం మా కాలనీలో కిందటి ఏడాది బాగా ప్రబలింది. మాది హైదరాబాదు శివారు. నలభై ఇళ్ళుంటాయి, నాలుగు వరసలు. ఈ నగరంలో 2015లో ఇంటింటికీ రెండేసి బుట్టలు పంచారు. ఆకుపచ్చది తడిచెత్తకు, నీలంది పొడిచెత్తకు. అవి వచ్చిన కొత్తలో కొందరిళ్ళల్లో బియ్యం పోసుకున్నారు, కొందరు బట్టలు నానబెట్టుకున్నారు; అది వేరే సంగతి. ఇప్పుడు మాత్రం చాలామంది వాటినో, వాటిలాంటివాటినో తెల్లవారకముందే గేటు ముందు పెట్టేస్తారు. మునిసిపల్ ఆటో ఆరింటికి వస్తే వస్తుంది, ఎనిమిదింటికి వస్తే వస్తుంది. ఎన్ని సందులు తిరగాలో పాపం! ఈలోగా, అంటే కోడికూతకూ ఆటో పాటకూ మధ్యనున్న ఆ గంటా రెండు గంటల్లో, మా బుట్టలకు అసలు చుట్టాలు వస్తారు.

వీరిలో ఒకే రకం మనుషులు లేరు. భుజాన పెద్ద గోనెసంచితో ఒకావిడ వస్తుంది. యాభై దాటి ఉంటాయి. నెమ్మదిగా మూత తీస్తుంది, తీసుకోవలసింది తీసుకుంటుంది, మూత పెడుతుంది. చూడనివాళ్ళకు ఆవిడ వచ్చి వెళ్ళిన జాడ కూడా తెలియదు. ఆ తరవాత ఇద్దరు కుర్రాళ్ళు వస్తారు. వీళ్ళకు ఓపిక తక్కువ. బుట్ట బోర్లించి, కాలితో కెలికి, రెండు సీసాలు ఏరుకుని పరుగెత్తుతారు. మిగతా పని కుక్కలు పూర్తి చేస్తాయి. అప్పుడప్పుడు ఒకతను తాడుకు పెద్ద అయస్కాంతం కట్టి రోడ్డుమీద ఈడ్చుకుంటూ పోతాడు. మేకులూ, బోల్టులూ, ఇనప రజనూ దానికి ఈగల్లా అతుక్కుంటాయి. అతనికి మా బుట్టలతో నిమిత్తమే లేదు. అయినా "చెత్త దొంగలు" అనే బిరుదు మాత్రం వీరందరికీ కలిపి ఒక్కటే ఇచ్చాం.

ఫిర్యాదులన్నీ వట్టివని నేననను. పొద్దున్నే కాఫీగ్లాసు పట్టుకుని గేటు తీస్తే నిన్నటి సాంబారు ముక్కలూ, పసిపిల్లల డైపర్లూ ముగ్గుమీద పరుచుకుని ఉంటే ఎల్లాంటి సాధువుకైనా నోరు ఊరుకోదు. ఎదురింటి పిన్నిగారి గేటు దగ్గర ఇత్తడి కుళాయి ఒక రాత్రి మాయమైంది. ఎవరు తీశారో చూసినవారు లేరు, కాని అనుమానం ఎటు పోయిందో చెప్పనక్కరలేదు. మూలమీద ఇంటి ఇంజనీరుగారికి మరో భయం. ఆయన బుట్టలో బ్యాంకు కాగితాలుంటాయి. వాటిమీద ఖాతా నంబరు, ఫోన్ నంబరు. ఈ రోజుల్లో మనిషి కంటే నంబరు దొరకడమే ప్రమాదం గదా!

ఆ చివరి భయానికి మందు చాలా తేలిక. కాగితం చింపి పారెయ్యడానికి అర నిమిషం పడుతుంది. పార్సిల్ పెట్టెమీద మన పేరు, వీధి, ఫోన్ నంబరుతో అంటించిన చీటీ ఉంటుంది, దాన్ని గోటితో లాగితే ఊడివస్తుంది. రానిచోట నల్లసిరా పూస్తే సరి. గోనెసంచి మనిషికి ఆ నంబర్లతో పనిలేదు, ఆమెకు అట్ట తూకం కావాలి. కాని పెట్టె ఆమె చేతిలోంచి ఎన్ని చేతులు మారుతుందో ఎవరు చెప్పగలరు? అందుచేత చీటీ లాగెయ్యడమే మంచిది.

ఆ కాలంలో నేను డాక్టరు చెప్పాడని తెల్లవారుజామున నడక మొదలుపెట్టాను. దానితో గోనెసంచి ఆవిడతో మాటలు కలిశాయి. కలిసేకొద్దీ నాకు ఆశ్చర్యం పెరిగింది. చెత్త అని మనం ఒకే మాటలో తోసేసే దానిలో ఆవిడకు బంగారుకొట్టువాడికున్నన్ని తరగతులున్నాయి. నీళ్ళసీసాలో తెల్లది వేరు, రంగుది వేరు. సీసాదొక రకం ప్లాస్టిక్కు, దాని మూతది మరొక రకం. పాల కవరు పనికివస్తుంది. చిప్సు పొట్లం పనికిరాదు. లోపల వెండిలా మెరిసే పొరనూ పై ప్లాస్టిక్కునూ విడదీయడం వీధి మనిషి తరం కాదు. థర్మోకోల్ సంచీని నింపుతుంది గాని తూకానికి రాదు. ఇనుముకంటే అల్యూమినియం మేలు, అల్యూమినియంకంటే రాగి. పాత వైరులో రాగి కోసం కొందరు పైతొడుగు కాల్చేస్తారనీ, ఆ పొగ గొంతులో దిగితే రెండు రోజులు అన్నం సహించదనీ ఆవిడే చెప్పింది. తను మటుకు కాల్చదు, చాకుతో గీరుతుంది. ఆలస్యం అవుతుంది.

"మరి ఈ అట్టపెట్టె వదిలేశావేం?" అని ఒకనాడు అడిగాను.

"చారు పోసిన్రు సారూ," అంది. "పొడిగుంటె పైసలు, తడిస్తె పెంట."

మునిసిపాలిటీవారు తడిచెత్త, పొడిచెత్త అని గోడలమీద రాసి, మైకుల్లో అరిచి చెప్పేదాన్ని ఆవిడ నాలుగు మాటల్లో తేల్చేసింది. నిన్నటి చారు ఒక గరిటెడు నీలంబుట్టలో పడితే, అందులోని కాగితమూ అట్టా అన్నీ అప్పటికప్పుడు విలువ పోగొట్టుకుంటాయి. ఆవిడకు ఒక పూట కూలి పోతుంది. మనకు పోయేది ఏమీ లేదు గనక మనం అది గమనించం.

ఆవిడ సంచీలోది సాయంత్రానికి పాత ఇనపసామాను కొట్టుకు చేరుతుంది. అక్కణ్ణించి పెద్ద గోదాముకు. అక్కడ రకరకాలుగా విడదీసి, బేళ్ళుగా నొక్కి కట్టి, ఫ్యాక్టరీలకు పంపుతారు. నీళ్ళసీసాలను ముక్కలు చేసి, కరిగించి, పాలియెస్టరు నూలు తీస్తారు. మన బుట్టలోని సీసా చొక్కాగా మారి మన ఒంటిమీదికే రావచ్చు. ఈ దారిలో ఉన్నవాళ్ళ బతుకు ఎల్లా ఉంటుందో మనకు మామూలుగా తెలియదు. 2022 మార్చి 23న సికింద్రాబాదు బోయిగూడలో ఒక తుక్కు గోదాముకు తెల్లవారుజామున నిప్పంటుకుంది. పైన నిద్రపోతున్న బీహారు కూలీలు 11 మంది చనిపోయారు. నాలుగు రోజులు పత్రికల్లో వచ్చింది. ఆ కొట్లకు వెళ్ళే సరుకు ఇల్లాంటి కాలనీల్లోంచి వెళ్ళిందే.

వేసవి చివర ఒక ఉదయం ఆవిడ ఎడమచేతికి గుడ్డ చుట్టుకుని కనిపించింది. గుడ్డ ఎర్రగా తడిసి ఉంది. నల్లకవరులో ముడివేసి పడేసిన పగిలిన గాజుగ్లాసు. కవరు చూస్తే సీసాలున్నట్టే ఉందట. చెయ్యి పెట్టగానే అరచెయ్యి తెగింది. మా ఆవిడ లోపలికి పిలిచి, కడిగి, కట్టుకట్టి, ఆసుపత్రికి వెళ్ళి ధనుర్వాతం ఇంజెక్షను వేయించుకోమని పదే పదే చెప్పింది. నాకు ఒళ్ళుమండి, "ఎవరింటి బుట్టలో ఉందమ్మా అది? చెప్పు, నేను మాట్లాడతాను" అన్నాను.

ఆవిడ నా వంక కొంచెం జాలిగా చూసింది.

"చెప్ప సారూ. చెప్తె రేపు నన్ను ఈ గల్లీల అడుగు పెట్టనియ్యరు."

తొమ్మిది రోజులు ఆవిడ రాలేదు. గాయం మానిందో, ముదిరిందో తెలుసుకునేందుకు ఆవిడ ఇల్లెక్కడో మాకు తెలియదు. మా ఇళ్ళల్లో ఎవరికి చక్కెరజబ్బు ఉందో, ఎవరింట్లో పిల్లకు పాలు పడటంలేదో, ఏ పెద్దమనిషి ఏ రకం సీసాలు కాగితంలో దాచి పారేస్తారో అన్నీ ఆవిడకు తెలుసు. ఏనాడూ ఒకరి సంగతి ఒకరికి చెప్పిన పాపాన పోలేదు. మా గురించి అంత తెలిసిన మనిషి గురించి మాకు తెలిసింది గోనెసంచి ఒక్కటే.

సరిగ్గా ఆ రోజుల్లోనే కాలనీ మీటింగు వచ్చింది. కార్యదర్శిగారి మేడమీద షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు, ఉప్మా. మొదటి అంశం "చెత్త దొంగల బెడద." బుట్టలకు తాళాలు వెయ్యాలని ఒకరు, కెమెరాలు పెట్టాలని ఒకరు, వాచ్‌మన్‌కు లాఠీ కొనాలని ఒకరు. దొంగతనం కేసు పెట్టవచ్చునా అని లాయరుగారిని అడిగారు. ఆయన కళ్ళద్దాలు తుడుచుకుని, మన కోర్టులు వదిలేసి ఏకంగా అమెరికా వెళ్ళారు. అక్కడ పోలీసులు ఒక మనిషి వీధిలో పెట్టిన చెత్తసంచులు వెతికి మత్తుమందుల ఆధారాలు పట్టుకున్నారట. వారంటు లేకుండా నా చెత్త ఎల్లా వెతుకుతారని అతను వాదిస్తే, వీధిలో పెట్టాక అందులో నీకు గోప్యత ఏమిటని 1988లో అక్కడి సుప్రీంకోర్టు తేల్చిందట. "అది మనకు వర్తించదు గాని, పారేసినవాడికి పట్టు ఎంతో మీరే ఆలోచించుకోండి" అన్నారు. అని, తన బుట్టకు మాత్రం గొలుసూ తాళమూ వేయిస్తానన్నారు.

ఈ తగువు మాతో మొదలైంది కాదు. పారిస్ నగరంలో యూజీన్ పూబెల్ అనే అధికారి, ప్రతి భవనం ముందూ మూతగల చెత్తపెట్టెలు ఉంచాలని 1883లో ఉత్తరువు వేశాడు. అప్పటిదాకా వీధిలో పోసిన చెత్త ఏరుకుని బతికే గుడ్డపీలికలవాళ్ళు, మా నోటికాడ కూడు తీస్తున్నావని గగ్గోలు పెట్టారు. ఫ్రెంచివాళ్ళు చెత్తబుట్టకు ఆయన పేరే పెట్టి, ఇప్పటికీ "పూబెల్" అనే పిలుస్తారు. ఏ అధికారికైనా ఇంతకంటె శాశ్వతమైన కీర్తి ఉంటుందా?

మీటింగులో అసలు సంగతి బయటపెట్టినవాడు ఆటో డ్రైవరు. బకాయి వసూలు చేసుకోవడానికి వచ్చి మెట్లమీద నిలబడ్డాడు. ఆయన కూడా ఏరుకునేవాళ్ళను ఆపమన్నాడు. చెల్లాచెదురు చేస్తారని గాదు.

"మంచి సరుకంత పొద్దుగాల్నే ఆళ్ళు ఏరుకపోతున్నరు సార్. నాకు కుళ్ళిన కూరలే మిగుల్తున్నయి. డీజిలుకు, బండి కిస్తీకి ఎట్ల ఎల్లాలె?"

అందరం నిశ్శబ్దమైపోయాం. శుభ్రతకూ అశుభ్రతకూ మధ్య యుద్ధం అనుకుంటున్నాం గాని, అది ఒకే బుట్టమీద బతికే ఇద్దరి మధ్య పోటీ. ఇంటింటా నెలకింత అని మేమిచ్చేదానితో బాటు, పొడిచెత్త అమ్ముకుంటే వచ్చేది కూడా అతని సంసారంలో భాగం. దాన్నే ఆవిడ గోనెసంచి తీసుకుపోతోంది. పైపెచ్చు ఆ నెలసరి డబ్బు కూడా మాలో సగంమంది సరిగా ఇవ్వరు. ఇవ్వనివాళ్ళే దొంగలూ, దొంగతనమూ అని ఎక్కువ గట్టిగా మాట్లాడారని మా కార్యదర్శిగారు లెక్కల పుస్తకం తిప్పి కనిపెట్టారు. కాని పేర్లు చదవలేదు. ఉప్మా అప్పటికింకా వడ్డించలేదు మరి.

2016లో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన ఘనవ్యర్థాల నిబంధనల్లో, చెత్త ఏరుకునేవారిని గుర్తించి నగరపాలక వ్యవస్థలో కలుపుకోవాలని రాశారు. ఇంట్లో విడదీసి ఇవ్వాలనీ, శానిటరీ చెత్తను విడిగా చుట్టి ఇవ్వాలనీ కూడా అందులో రాశారు. పుణె నగరంలో ఏరుకునేవారే సహకార సంఘంగా ఏర్పడి, 2008లో కార్పొరేషనుతో ఒప్పందం చేసుకుని, ఇంటింటికీ వెళ్ళి చెత్త తీసుకునే పని చేపట్టారు. వాళ్ళు బుట్ట కెలకనక్కరలేదు. గుమ్మంలోనే చేతికి అందుకుంటారు. ఈ సంగతులు నేను చెప్పాను. "పుణె సంగతి మనకెందుకండీ" అని ఒకాయన ఆవులించారు.

అప్పుడు ఆడవాళ్ళ వరసలోంచి మా ఆవిడ, "చేతికే ఇచ్చేస్తే బుట్టలో చెయ్యి పెట్టే అవసరం ఏముందండీ?" అంది.

మాట చిన్నదే. కాని పిన్నిగారు తల ఊపారు. కుళాయి పోయిన పిన్నిగారే తల ఊపాక మిగతావారు కాదనలేకపోయారు. చివరికి కుదిరిందేమిటంటే, మొదటి రెండు వరసలవాళ్ళు పొడిసరుకు విడిగా పెట్టి, బుధవారం, ఆదివారం ఆవిడకు చేతికిస్తారు. మిగిలిన రెండు వరసలదీ ఆటో అతనిది. అతనికి నెలసరి డబ్బు ఐదో తారీఖులోపల అన్ని ఇళ్ళవాళ్ళూ ఇస్తారు. మా మీటింగుల్లో తీర్మానం అయినవాటిలో సగం మర్నాటికి ఆవిరవుతాయి. ఇది మాత్రం ఏదో ఒకలాగ నడుస్తోంది. బుట్టలో ఏమీ దొరకదని తెలిసి ఆ రెండు వరసల్లో బోర్లించేవాళ్ళు తగ్గారు. మూడో వరసలో ఇంకా బోర్లిస్తున్నారు.

గాజు సంగతికి మా ఇంట్లో ఒక పద్ధతి పెట్టుకున్నాం. పగిలినదాన్ని నాలుగు మడతల పత్రికలో చుట్టి, తాడుకట్టి, పైన ఎర్రసిరాతో పెద్ద గుర్తు వేస్తాం. చదువు రానివాళ్ళకు "గాజు" అని రాస్తే ఏం లాభం? ఇన్సులిన్ సూదులు వాడేవాళ్ళకు మా ఆవిడ ఇంకో మాట చెబుతుంది: గట్టి ప్లాస్టిక్ సీసాలో వేసి మూత బిగించి, పైన అదే గుర్తు పెట్టి, ఆటో అతనికి చెప్పి చేతికివ్వమని. రేజరు బ్లేడుకూ అదే. ఆవిడ అరచెయ్యి చూసినవాళ్ళెవరికీ ఇది రెండోసారి చెప్పవలసిరాలేదు. మీటింగుకు రానివాళ్ళకే చెప్పవలసి వస్తోంది.

ఆ కుర్రాళ్ళ విషయం మాత్రం నాకు మింగుడుపడటం లేదు. పెద్దవాడికి పన్నెండేళ్ళుంటాయేమో. వాళ్ళకు సీసాలు చేతికివ్వడానికి నాకు మనసొప్పలేదు. బడివేళ సంచీ పట్టుకున్న పిల్లవాడికి మనమే ఆ సంచీ నింపితే ఎల్లా? మా రిటైర్డు హెడ్మాస్టారు ఒక ఉదయం గేటు దగ్గర కాపువేసి, పెద్దవాణ్ణి ఆపి, చాలా ప్రేమగానే, "ఏ బళ్ళో చదువుతున్నావు నాయనా?" అని అడిగారు. ఆయన ముప్ఫైయేళ్ళపాటు పిల్లల్ని అడిగిన ప్రశ్న అదే, అడిగే పద్ధతీ అదే. వాడు సంచీ వదిలేసి పరుగెత్తాడు. ఆ సంచీలో ఆరు సీసాలు, ఒక సగం కొరికిన కేకు ముక్క ఉన్నాయి. మాస్టారు ఆ సంచీ రెండు రోజులు గేటుకు తగిలించి ఉంచారు. తీసుకోవడానికి ఎవరూ రాలేదు. ఇప్పుడు వాళ్ళు పై కాలనీలో తిరుగుతున్నారని ఆటో అతను చెప్పాడు. మాస్టారు సాయంత్రంపూట అటువైపు నడకకు వెళుతున్నారు. ఈసారి బడి మాట ఎత్తకుండా ముందు పేరడుగుతానంటున్నారు.

పదో రోజున గోనెసంచి ఆవిడ తిరిగి వచ్చింది. అరచేతిలో గీత పొడుగ్గా, తెల్లగా ఉంది. బొటనవేలు మునుపటిలా పూర్తిగా ముడవడం లేదు. కుడిచేత్తోనే సంచీ ఎత్తుకుంటుంది. మా ఏర్పాటు సంగతి చెబితే నమ్మలేదు. ఇంటి లోపల్నించి ఒకరు వచ్చి, కడిగి ఆరబెట్టిన పాల కవర్లు కట్టగట్టి చేతికివ్వడం ఆవిడ అనుభవంలో లేదు. మొదటి బుధవారం గేటు దగ్గర బయటే నిలబడి, పిలవనా మాననా అన్నట్టు ఐదు నిమిషాలు ఊరుకుంది. పిన్నిగారే ముందు చూసి, "ఏమ్మా, లోపలికి రా, అట్టలు చాలా ఉన్నాయి" అని కేక వేశారు. కొత్త ఫ్రిజ్ వచ్చిన పెట్టె, నిలువెత్తుది. ఆవిడ దాన్ని కాలితో తొక్కి, మడిచి, నడుముకున్న తాడు విప్పి కట్టింది. అరచెయ్యి నొప్పిపుట్టి మధ్యలో ఒకసారి ఆగింది.

లాయరుగారి గొలుసు వారం రోజులుంది. ఆటో అతను తాళం తియ్యలేక ఆ ఇల్లు వదిలేసి వెళ్ళేవాడు. ఐదోరోజుకు కోర్టుకంటే ముందు ఆయన ముక్కే తీర్పు చెప్పింది.

ఇప్పుడు ముసురు పట్టింది. బుధవారందాకా దాచిన అట్టలు వరండాలో చెమ్మెక్కుతున్నాయి. తడిస్తే ఆవిడకు పైసా రాదు. కార్యదర్శిగారి మేడమెట్ల కింద కాస్త ఖాళీ ఉంది. అక్కడ అందరివీ పోగుచేస్తే బాగుంటుందని మా ఆవిడ అడిగింది. బొద్దింకలు వస్తాయని కార్యదర్శిగారి ఇల్లాలు సందేహిస్తోంది. వచ్చే ఆదివారం మీటింగులో మొదటి అంశం అదే.